అయిదు బసలు

మా స్నేహితురాలి కుమార్తె యొకతె ఐరోపాఖండమున ఉద్యోగము చేయుచున్నది. గడచిన ఆశ్వయుజ మాసమున ఆమె సెలవు పెట్టి ఉత్తర స్పెయిను దేశమున పది దినములు బస్సుయాత్ర చేసి, మాకొక పొడుగుపాటి జాబు వ్రాసినది. ఆ జాబులో కొండలకంటెను దేవాలయములకంటెను బసలనుగూర్చియే యెక్కువగా నున్నది. ఆ దేశమున ప్రభుత్వమువారు 1928 మొదలు పాత కోటలను, మఠములను, యాత్రికుల ఆసుపత్రులను బాగుచేసి పూటకూళ్ల యిండ్లుగా నడుపుచున్నారు. వానిని పరదోరులందురు. సంతియాగో నగరమున నామె బసచేసిన భవనము 1499లో ఆ దేశపు రాజు ఫెర్డినాండు, రాణి యిసబెల్లా యాత్రికుల కొఱకు కట్టుడని యాజ్ఞాపించిన ఆసుపత్రి. 1954లో అది హోటలైనది. లియోను పట్టణమున ఆమె నిద్రించిన సాన్ మార్కోసు భవనమున 1639 మొదలు నాలుగేండ్లు కెవేదో అను గొప్ప కవి బందీగా నుండెనట. మన కాలమున 1936లో మొదలైన అంతర్యుద్ధమప్పుడు అదియే వేలకొలది ఖైదీలకు చెరసాలయైనది. "పిన్నీ, మెత్తని పరుపుమీద పడుకొన్నాను గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు" అని అమ్మాయి వ్రాసినది.

అదే జాబులో అల్తామిరా గుహల ముచ్చట యొకటి యున్నది. 1879లో తండ్రి గుహలోని నేలను త్రవ్వి వెదకుచుండగా, వెంటవచ్చిన యెనిమిదేండ్ల కూతురు తల యెత్తి పైకప్పున ఎద్దుల బొమ్మ లున్నవని చూపినదట. వేలయేండ్లనాటి చిత్రములు! తండ్రి క్రిందికే చూచుచుండెను, బిడ్డ పైకి చూచినది. ఈ ముచ్చట మా యింట నెన్నిమారులు చెప్పుకొంటిమో లెక్కలేదు.

జాబు చదివి వినిపించుచుండగా మా మేనత్తగారు "ఏమిటే ఆ గొప్ప! మనకు సత్రాలు లేవూ?" అనిరి. ఈ యాత్రకు బీజము ఆ మాటయే.

ఉన్నవి. రైలు రాకముందు ఈ దేశమున నడచినవారందఱును సత్రములలో తలదాచుకొన్నవారే. మద్రాసు సుప్రీముకోర్టులో పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి యిల్లు చేరిరి. ఆయన యాత్రాచరిత్ర చదివిన సోదరీమణులకు జ్ఞాపకముండును: ఏ మజిలీలో సత్రము కలదు, ఎచట మంచినీరు దొరకును, ఎచట అంగళ్లున్నవి అని ఆయన ఓపికతో వ్రాసికొనుచు పోయిరి. సత్రములకు భూములిచ్చినవారు రాజులు మాత్రమే కారు. కోమటులు, కాపులు, బిడ్డలులేని వితంతువులు గూడ నిచ్చిరి. ఆ భూముల యాదాయము దారితప్పుచున్నదని కంపెనీవారు 1817లో ఒక చట్టము చేసి, దేవాలయములు, సత్రములు, వంతెనలు వీనికై యిచ్చిన మాన్యములను విచారించు భారమును రెవెన్యూ బోర్డుపై నుంచిరి. అనగా రెండువందల యేండ్లకు పూర్వమే సత్రపు సొమ్ము తినువారు కలరన్నమాట. నేడు వానిలో పెక్కు దేవాదాయశాఖ క్రింద నున్నవి. కొన్ని కులసంఘముల చేతులలో నున్నవి. మఱికొన్ని కూలి, ఆ స్థలమున దుకాణములు లేచినవి.

సత్రమనిన నెట్లుండునో పట్టణములందు పుట్టిన యిప్పటి కోడండ్రకు తెలియదు. వీధివైపు ఎత్తయిన అరుగులు, లోన మండువా, నాలుగువైపుల వసారా, వెనుక బావి, బావి ప్రక్కన మూడు పొయ్యిలు, గోడలో దీపపు గూళ్లు. పరుపు లేదు, అద్దము లేదు. చాప యిచ్చిన నిచ్చినట్లు, లేకున్న లేనట్లు.

మాఘమాసమున పందొమ్మిదిమంది స్త్రీలము బయలుదేరితిమి. ఈ పందొమ్మిదిమందిని కూడగట్టుటయే ఒక యాత్ర. మా ప్రాంతమున మాఘము తీరికయైన మాసము కాదు. పత్తి చివరి తీత ముగియకమునుపే మిరప కోతకు వచ్చును. కోసిన కాయ కల్లములో ఎండుచుండును. మబ్బు పట్టిన పట్టలు కప్పవలెను. కూలివారికి అన్నము పంపవలెను. గుంటూరు యార్డులో ధర యెట్లున్నదని యింటిలోని మగవారు గంటకొకమారు టెలిఫోను చేయుచుందురు. "కల్లంలో కాయ పెట్టుకొని షికారు పోతావా?" అని ఒక యింట అత్తగారు అడిగిరట; ఆ కోడలు "షికారు కాదు, కోటప్పకొండ" అని తప్పించుకొన్నది. ఇంకొకామె మొక్కున్నదని చెప్పినది. మొక్కు లేదని మాకు తెలియును. ఆఱు దినములకు అయిదు మొక్కులు కల్పించిన సందర్భములు గలవు, వివరములు వ్రాయము.

మాలో మువ్వురిని గూర్చి చెప్పవలెను. మొదటివారు మా మేనత్తగారు; డెబ్బదియాఱేండ్లు; మోకాళ్లు నొప్పి; ఇత్తడి చెంబుతో తన నీళ్లు తాను తెచ్చుకొని, ఒకరి చేతివంట తినని మడికట్టు మనిషి. రెండవవారు మా పంతులమ్మగారు. ముప్పదినాలుగేండ్లు బడిలో పనిచేసి ప్రధానోపాధ్యాయినిగా విరమించిరి. బస్సులోని పందొమ్మిదిమందిలో ఏడుగురు ఆమె దగ్గర అక్షరములు దిద్దినవారే. ఆమె పుట్టినది ఊరి వెలుపలి వాడలో. ఈ సంగతి మాకందఱకు తెలియును, ఎవరును పలుకరు. మూడవవారము మేము, అనగా ఏర్పాట్లు చేసినవారము, కావున తప్పులన్నియు మావి.

బస్సు అద్దెకు తెచ్చితిమి. దారిలో హోటళ్లయందు పడుకొనరాదని, వీలయినంత వఱకు సత్రములలోను పాతయిండ్లలోను బసచేయవలెనని నియమము పెట్టుకొంటిమి.

మొదటి దినము అమరావతి. అమరేశ్వరుని దర్శించి, కృష్ణ యొడ్డున కూర్చుండి పులిహోర తింటిమి. తరువాత స్తూపమునకు పోయితిమి. క్రొత్తగా చూచువారు నిరాశ పడుదురు. ఇప్పుడచట నున్నది గడ్డి పెరిగిన గుండ్రని దిబ్బయు, చుట్టును కొన్ని రాళ్లును. 1798 ప్రాంతమున రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు క్రొత్త పట్టణము కట్టించుచుండగా ఆ దిబ్బలో పాలరాతివంటి పలకలు బయటపడెను. కాలిన్ మెకంజీ అను దొర వచ్చి చూచి వానిని గూర్చి లోకమునకు తెలిపెను. ఆ పలకలలో మేలైనవి నేడు చెన్నపట్టణపు మ్యూజియములోను, లండనులోని బ్రిటిషు మ్యూజియములోను గలవు. ఊరిలోని మ్యూజియములో మిగిలినవి చూచితిమి.

పంతులమ్మగారు ఒక పుస్తకమునుండి వ్రాసికొనివచ్చిన కాగితము తీసి మాకు చదివి వినిపించిరి. ఆ పలకలమీద దాతల పేర్లున్నవి. వారిలో స్త్రీలు పెక్కుమంది: భిక్షుణులు, గృహిణులు, తల్లులు, కూతుండ్రు. ఒక పలకమీద చర్మకారుడైన విధికుడని యున్నదట; నాగుడను ఉపాధ్యాయుని కొడుకు; తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కూడ పూర్ణఘటము చెక్కిన పలక నిచ్చెనట. "చెప్పులు కుట్టేవాడు ఇచ్చిన రాయి, దేవుడి దగ్గర నిలబెట్టి పేరు చెక్కారమ్మా" అని పంతులమ్మగారు చెప్పి కాగితము మడచిరి. మా మేనత్తగారు వినినారో లేదో తెలియదు. 125 అడుగుల ధ్యానబుద్ధుని వైపు చూచుచుండిరి.

ఆ రాత్రి నదికి దగ్గరనున్న ఒక సత్రమున బస. దోమలు. అంతకంటె చెప్పవలసినది లేదు. కాని తెల్లవారుజామున బావిలో చేద పడిన చప్పుడు విని, మాలో నలుగురు ఒక్కమారే లేచి కూర్చుండి, "మా అమ్మమ్మగారి యిల్లు" అని నలుగురును ఒకేమాట అంటిమి.

రెండవ దినము కొండవీడు. ఒకప్పుడు రాళ్లదారిన నెక్కవలసిన దుర్గమునకు ఇప్పుడు ఘాటురోడ్డు వేసిరి. రెడ్డిరాజులు అద్దంకి విడిచి యిచట రాజధాని చేసికొనిరి. శ్రీనాథుడు విద్యాధికారిగా నుండినది యిచటనే. 1515లో కృష్ణదేవరాయలు ఈ కోటను పట్టెను. పైనుండి చూచిన పొలము మడులు మడులుగా కనబడును. నడుమ నడుమ ఎఱ్ఱని మరకలు, అవి మిరప కల్లములు. స్పెయినులో కోటలో పరుపులు వేసిరి గదా, ఇక్కడ నెందుకు వేయరాదని మాలో నొకామె యడిగినది. నీళ్లు పైకెవరు తెత్తురని యింకొకామె యనినది. ఇంటి పని తెలిసినవారి ప్రశ్నలు ఇట్లే యుండును.

సాయంకాలము కోటప్పకొండ. దిగివచ్చునప్పుడు గొల్లభామ గుడివద్ద నిలిచితిమి. కొండపైనున్న స్వామికి దినదినము పాలుపోసి, ఎక్కలేక, తన యింటికి రమ్మని అడిగిన ఆనందవల్లి కథ యెఱుగని తెలుగు స్త్రీ యుండదు. వెనుదిరిగి చూడవద్దన్నాడు, చూచినది, స్వామి అక్కడే నిలిచిపోయినాడు. "గర్భిణి, కాళ్లు నొప్పులు, వెనక్కి చూడదూ మరి!" అని మా మేనత్తగారు ఆమెను సమర్థించిరి.

రాత్రి నరసరావుపేటలో మా బంధువుల పెంకుటింట, మండువాలో చాపలు పఱచుకొని పడుకొంటిమి. పంతులమ్మగారు తెచ్చిన సున్నుండలు అందఱును తింటిమి. మేనత్తగారు తనకు తీపి పడదనిరి. ఇంటివద్ద ఆమె కాఫీలో మూడు చెంచాల పంచదార వేసికొందురు.

మూడవ దినము వినుకొండ. ఇచట ఆగవలెనని పంతులమ్మగారు ముందుగానే కోరిరి. గుఱ్ఱం జాషువా కవిగారు 1895లో పుట్టిన ఊరిది. దేవళములోనికి పోరాని మనుష్యుడు, అచ్చటికి పోగలిగిన గబ్బిలమును పిలిచి తన బాధను శివునితో చెప్పుమని కోరుట ఆయన కావ్యమునకు వస్తువు, 1941లో అచ్చుపడినది. మేమందఱమును పాఠ్యపుస్తకములో చదివినదే, అప్పుడు ప్రతిపదార్థములు బట్టీపట్టితిమి. పంతులమ్మగారు ఉపన్యాసమేమియు చేయలేదు. కవిగారి విగ్రహమునకు దండవేసి బస్సెక్కిరి.

ఆ సాయంకాలము మేము చేరిన ఊరి పేరు వ్రాయము. అచట నొక కులసంఘమువారి సత్రమున్నది. నిర్దుష్టమైన కట్టడము, టేకు స్తంభములు, రాతి అరుగులు, బావికి గిలక యిప్పటికిని తిరుగును. 1936లో మా మేనత్తగారి మామగారు దానిలో నొక గది కట్టించిరి. గది గుమ్మముపై పలక యున్నది, పలకమీద ఆయన పేరున్నది. కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఆమె అత్తమామలతో శ్రీశైలము పోవుచు ఆ గదిలో ఒకరాత్రి నిద్రించిరి. మరల చూడలేదు. ఈ యాత్రకు ఆమె వచ్చినది కొండవీటికొఱకు కాదు, కోటప్పకొండకొఱకును కాదు. ఆ గదికి వెల్ల వేయింపవలెనని పెన్షను సొమ్ములో అయిదువేల రూపాయలు మిగిల్చి, కవరులో పెట్టి, చీరకొంగున ముడివేసికొని తెచ్చిరి.

గదులకై టెలిఫోనులో మాటలాడినది మేమే. అవతలి పెద్దమనిషి మర్యాదగా "అందరూ మనవాళ్లేగా అమ్మా?" అని యడిగెను. మేము క్షణకాల మూరకుండి, "మనవాళ్లేనండీ" అంటిమి. పందొమ్మిదిమందియు మావారు కాక యెవరివారని మమ్ము మేము సమాధానపఱచుకొంటిమి. కాని అతడడిగిన దేమో మాకు తెలియును. మా మాటను అతడెట్లు గ్రహించునో అదియు తెలియును. ఈ సంగతి పంతులమ్మగారితో చెప్పలేదు. చెప్పినచో ఆమె రారని వెఱచితిమి.

గుమాస్తా పుస్తకము తెఱచెను. పేరు, ఊరు, గోత్రము, ఆధారు సంఖ్య. గోత్రపు గడి చూడగానే మా చేయి నిలిచిపోయినది. పదునాఱు పేర్లు వ్రాసి తలయెత్తి, "తరువాత?" అని యడిగెను. వెనుక నిలిచియున్న పంతులమ్మగారు ముందునకు వచ్చి, తన పేరు చెప్పి, "గోత్రం గడి వదిలెయ్యండి. నేను మీవాళ్లలో కాదు" అనిరి. ఆమె గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. పిల్లల హాజరు పిలుచునట్లే యుండెను.

గుమాస్తా చెడ్డవాడు కాడు. లేచి నిలువబడెను. కుర్చీ తెప్పించెను. సంఘమువారి నియమమని, తన చేతిలో లేదని చెప్పెను. వీధిచివర మంచి లాడ్జి యున్నదనియు, పంతులమ్మగారికి అచట ఏ.సి. గది తీసి, పైకము సత్రమే యిచ్చుననియు అనెను. ఇంత మర్యాదగా నొకరిని గుమ్మము వెలుపల నుంచుట సాధ్యమని మాకంతకుముందు తెలియదు.

మాలో న్యాయశాస్త్రము చదివిన కోడలుపిల్ల యొకతె యున్నది. 1955లో చేసిన చట్టమున ధర్మశాల ప్రసక్తి యున్నదనియు, అందఱకు తెఱచినది గాని, కొందఱకు మాత్రము తెఱచినది గాని, అంటరానితనము పేర నెవరిని ఆపినను నేరమేయనియు గట్టిగా మొదలుపెట్టినది. "ఆ పాఠం నేను చెప్పినదేగా నీకు" అని పంతులమ్మగారు నవ్వి ఆమె భుజముమీద చేయివేసిరి. తరువాత మావైపు తిరిగి, "మీరంతా ఇక్కడ ఉండండి. పెద్దావిడ గది చూడాలని వచ్చారు. నేను లాడ్జికి వెళ్తాను, పొద్దున్నే కలుద్దాం. నాకిది కొత్తగాదు" అనిరి.

ఉన్నదున్నట్లు వ్రాయవలెను. అప్పుడు మేమందఱము ఏకకంఠమున "వలదు" అనలేదు. చీకటి పడినది. వర్షము వచ్చునట్లున్నది. ఆమెయే పొమ్మనుచున్నది గదా, ఒక్క రాత్రికేమి, ఏ.సి. గది గదా అని ఇద్దఱు మెల్లగా గొణిగిరి. మేము తల దించుకొని యుంటిమి. మాట చెప్పవలసినది మేము; ఆ టెలిఫోను మా చేతిలోనిది.

మా మేనత్తగారు ఎవరితోను పలుకక లోనికి పోయిరి. వెంట పోయితిమి. గది తాళము తీసియే యున్నది. సున్నము పెచ్చులూడినది. గూటిలో పాత నూనెమరక. ఆమె పలక క్రింద నిలువబడి, కొంగుతో దుమ్ము తుడిచి, పేరు చదివిరి. అక్షరములు గట్టిగా కూడబలుకుకొని చదివిరి. కొంగుముడిని తడవి చూచుకొనిరి. ఎంతసేపు నిలిచిరో చెప్పలేము. వెలుపలికి వచ్చి, అరుగుపై కూర్చుండి చెప్పులు తొడుగుకొనిరి.

"పంతులమ్మా, ఇటు రా. ఈ మెట్లు దిగలేను, నీ చెయ్యివ్వు" అనిరి.

పంతులమ్మగారు చేయి యందించిరి. ఇద్దఱును మెట్లు దిగి బస్సువైపు నడచిరి. గొణిగిన ఇద్దఱును అందఱికంటె ముందుగా సామానెత్తుకొనిరి.

ఆ రాత్రి పదియవ ఊరో పదునొకండవ ఊరో లెక్కలేదు. దారిలో పెండ్లిండ్లకు అద్దెకిచ్చు ఫంక్షనుహాలు ఒకటి దొరకినది. కాపలావాడు గొణుగుచునే తలుపు తీసెను. ప్లాస్టికు కుర్చీలు ఒకమూలకు నెట్టి, ఎవరి పెండ్లిదో వాడిపోయిన తోరణము క్రింద దుప్పట్లు పఱచుకొంటిమి. మావద్ద ఉప్మారవ్వ యున్నది, ఉల్లిపాయలు లేవు. ఉల్లిలేని ఉప్మా తింటిమి. భోజనమైన తరువాత మేము పంతులమ్మగారి ప్రక్కకు పోయి, టెలిఫోను సంగతి చెప్పితిమి. ఆమె దిండు సరిచేసికొనుచు, "నాకు తెలుసమ్మా. మీరు గదుల సంగతి ఒక్కసారికూడా చెప్పలేదు. మిగతా నాలుగు బసల గురించి పేజీలకు పేజీలు చెప్పారు" అనిరి. మఱి యెందుకు వచ్చితిరని అడుగ సాహసము లేకపోయినది. ఆమెయే కొంతసేపటికి, "ఈసారి ఏమవుతుందో చూద్దామనుకున్నాను" అని అటు తిరిగి పడుకొనిరి.

మఱునాడు ఉదయము మేనత్తగారు మునుపటివలెనే తన చెంబు నీళ్లే త్రాగిరి.

మార్కాపురములో పలకల దుకాణమువద్ద బస్సు నిలిపితిమి. మన చిన్ననాట చంకను పెట్టుకొనిపోయిన రాతిపలకలకు పేరుపడిన ఊరిది. తలకొకటి కొంటిమి, ఎందుకని యడిగిన చెప్పలేము. అచటినుండి కంభము చెఱువు. చెఱువనిన చాలదు, రెండు కొండల నడుమ సందు పూడ్చి గుండ్లకమ్మను ఆపిన సముద్రము. విజయనగర రాజుల కాలమున వరదరాజమ్మ అను రాణి కట్టించినదని ప్రతీతి. ఎంగిలి నీరని, అంటునీరని లేక అన్ని ఊళ్ల పొలములకును పోవుచున్నది. గట్టుమీద గాలి చల్లగా వీచినది. రాత్రి నిద్రలేనివారందఱు అచటనే కునికిరి. ఆ రాత్రి బస తెల్లదొరలనాటి పాత బంగళా. ఎత్తయిన పైకప్పు, గుడ్డపంకా వ్రేలాడిన కొక్కెము లిప్పటికి నున్నవి. పంకా లాగిన మనిషి యే వసారాలో కూర్చుండెనో గోడలోని రంధ్రము చూపుచున్నది.

అయిదవ దినము ఒంగోలు దాటి సముద్రతీరమునకు తిరిగి, మోటుపల్లి చూచితిమి. నేడు చిన్న పల్లె. కాకతి గణపతిదేవుడు 1244-45లో ఇచట వేయించిన అభయశాసనమును గూర్చి వినుడు. పూర్వపు రాజులు తుఫానుకు కొట్టుకొనివచ్చిన పరదేశపు ఓడలలోని సరకును దోచుకొనుచుండిరట. ఇకమీదట నట్లు జరుగదని, నిర్ణయించిన సుంకము తప్ప మఱేమియు తీసికొనమని, పరదేశి వర్తకులకు ఆయన మాట యిచ్చెను. ఆయన కుమార్తె రుద్రమదేవిని గూర్చి వ్రాసిన మార్కోపోలో ఈ తీరమును మోటుపల్లి పేరుతోనే చెప్పెను. గుడిముందర నిలిచి ఈ కథ చెప్పుచుండగా మా గొంతు ఒకచోట పట్టినది, ఏచోటనో చదువరులు గ్రహింతురు.

వేటపాలెములో సారస్వత నికేతనము చూడక రారాదు. 1918లో పుట్టిన గ్రంథాలయము. 1929లో దాని భవనమునకు గాంధీగారు శంకుస్థాపన చేసిరి. ఆయన చేతికఱ్ఱ అచట భద్రపఱచియున్నది. పాత పత్రికల సంపుటము లెన్నియో బీరువాలలో గలవు. మన ముత్తవ్వలు చదివిన స్త్రీల పత్రికలు చేతపట్టుకొని చూచితిమి. అచటనుండి చీరాల. 1921లో పన్ను చెల్లించమని చీరాల, పేరాల ప్రజలు ఇండ్లు విడిచి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరి వెలుపల పాకలు వేసికొని నెలల తరబడి కాపురముండిరి. వంటసామానుతో, పసిబిడ్డలతో వెళ్లిన ఆ స్త్రీలను గూర్చి విస్తరించి ఇంకొక మాసమున వ్రాయుదుము. అది ఒక పేరాలో ముగించునది కాదు.

ఆ రాత్రి తీరమునకు దగ్గరనున్న ఒక ఊరి సత్రము. ఇది మా పట్టికలో లేనిది, దారినడిగి పట్టుకొన్నది. పెంకులు జారినవి, కుళాయి కారుచున్నది. గుమాస్తా ముసలివాడు. మేము ఈమారు వాకిటనే నిలిచి, బస్సులోనుండి ఎవరును దిగకముందే, "మాలో అన్ని కులాలవాళ్లు ఉన్నారు, గదులిస్తారా?" అని యడిగితిమి. అతడు కంటియద్దములు పైకి జరుపుకొని, "వంట చేసుకుంటారా, బయట తింటారా? చేసుకుంటే గ్యాసు వేరు" అనెను. అతని పుస్తకమున నాలుగే గళ్లు: పేరు, ఊరు, ఎందఱు, ఎన్నాళ్లు.

వంట చేసికొంటిమి. వంకాయకూర పంతులమ్మగారు చేసిరి. మేనత్తగారు ఆనాడు ఉపవాసమనిరి. ఏకాదశి కాదు, సోమవారము కాదు. కాని రాత్రి పదిగంటలకు, అందఱు పడుకొన్న తరువాత, వసారాలో గిన్నె చప్పుడైనది. మేము కన్ను తెఱచి చూచి మరల మూసికొంటిమి. ఎవరు తినిరో, ఏమి తినిరో వ్రాయుట మర్యాద కాదు.

మఱునాడు బాపట్లలో భావనారాయణస్వామిని సేవించి, సూర్యలంకలో కాళ్లు తడుపుకొని, పొన్నూరు మీదుగా చీకటిపడువేళకు గుంటూరు చేరితిమి. కల్లములలో కాయ చెడలేదు. మేము లేని యాఱు దినములలో నొక యింట పాలు పొంగి పొయ్యి ఆరిపోయినదట, ఇంకొక యింట మగవారు ఇడ్లీపిండి రుబ్బ నేర్చిరట.

ఇట్టి యాత్ర చేయదలచిన సోదరీమణులకు రెండుమాటలు. మాఘమున పగలు వేడి హెచ్చదు గాని కొండవీటిపై నీడ తక్కువ; ఉదయమే ఎక్కుడు. దుప్పటి, చెంబు, దోమతెర వెంట నుంచుకొనుడు. మోటుపల్లి దారి యడిగి పొండు. సత్రముల వారితో టెలిఫోనులో మాటలాడునప్పుడు అడిగిన ప్రశ్నకు పూర్తిగా జవాబు చెప్పుడు; మేము చెప్పలేదు.

స్పెయినునుండి జాబు వ్రాసిన అమ్మాయికి ఇదంతయు వ్రాసితిమి. సంతియాగోలోని ఆ పాత ఆసుపత్రి బస యిప్పుడు గొప్ప వెలగలదని, కాలినడకను వచ్చిన యాత్రికులు అనేకులు దానిని వెలుపలినుండి చూచి వేఱుచోట పడుకొందురని ఆమె బదులు వ్రాసినది.

అయిదువేల కవరు మేనత్తగారి బీరువాలో నున్నది. దానిని సత్రమునకు పంపవలెనా వలదా అని మా యింట రెండు పక్షములైనవి. న్యాయశాస్త్రము చదివిన కోడలు పంపవలదనుచున్నది. పంపి, కూడ నొక జాబు వ్రాసి గోత్రపు గడి తీసివేయుమని అడుగవలెనని మేమంటిమి. మేనత్తగారు ఇద్దఱి మాటయు వినక, ఒకనాడు పంతులమ్మగారిని పిలిపించి అడిగిరి. "వేయించండి, గోడలేం చేశాయి?" అని ఆమె యనినదట. అది విని మేనత్తగారు కవరు తీసి లెక్కపెట్టి మరల లోన పెట్టిరి. చైత్రము వచ్చినది, వానలకు ముందే వెల్ల వేయవలెను, ఆమె యింకను ఏమియు చెప్పలేదు.